మరుగునీట తొలికోత కొడవలి

శ్రావణమాసారంభమున నిరంతరవర్షధారాసంపాతముచే నుబ్బి యరుణమృత్తికాకలుషితమై యుత్తుంగతరంగాభిఘాతములచే నొడ్డులను విరుచుచు తరువులను బెల్లగించుచు ఘోరఘోషముతో బ్రవహించు గౌతమీనదీమధ్యమునందలి యొకానొక లంకగ్రామమున నిండుచూలాలగు హైమవతి ప్రాతఃకాలమున వీధియరుగుపై నిలిచి యావలియొడ్డును జూచుచుండెను. ఆ యొడ్డున పట్టణమును పట్టణమున వైద్యశాలయు గలవు. పడవ నెక్కి పోవుదమన్న సుడిగుండములు. నడియేట నొప్పులు వచ్చినచో దిక్కెవ్వరు? ఇంటనే కందమన్న నత్తగారి కొడవలి.

ఆ యింట తొలికోతనాడు మొదటి వరిపన గోసిన కొడవలితోనే పుట్టినబిడ్డకు బొడ్డుగోయుట వంశపరంపరాగతాచారము. దానికి నీరు సోకినచో ధాన్యలక్ష్మి యిల్లు వీడునని పెద్దలు చెప్పగా నెవ్వరును దానిని గడిగి యెరుగరు. కడచిన సంవత్సరము హైమవతి తొలిచూలిబిడ్డకు దానితోనే బొడ్డు గోసిరి. పూర్ణచంద్రబింబాననుడగు నా శిశువు ఎనిమిదవనాడు దవడలు బిగిసి పాలు త్రాగలేక యేడ్వనైన లేక ప్రాణములు విడిచెను. దైవఘటనమని లోకులు సరిపెట్టుకొనిరి గాని హైమవతికి మనసొప్పలేదు. ఆమె ప్రోద్బలమున భర్తయగు కాశీపతి యేరు దాటి వైద్యురాలి నడుగగా మరిగింపని కత్తియే బిడ్డను జంపినదని యామె నిర్మొగమాటముగా జెప్పెను.

ఇప్పుడు హైమవతి యరుగు దిగివచ్చి భర్తతో నిట్లనెను. "ఏటి యుద్ధృతి నాపుట మన వశము గాదు. కత్తిని మరిగించుట మన వశమే. నేనింటనే కనెదను."

అంతట గాలివెలుతురులు లేని పాత పురిటిగదిని విడిచి తూర్పుగది కిటికీలు తెరపించెను. పాతచీరలను బూడిదనీట నుడికించి యెండ కనబడిన ప్రతి గడియయు నారవేయించెను. "నలువదేండ్లుగా బిడ్డలను బట్టిన చేతులమ్మా యివి! వీనికిప్పుడు కుంకుడుకాయలా?" యని మంత్రసాని గవరమ్మ మూతి విరిచియు మోచేతులదాక రుద్దుకొనుటకు సమ్మతించెను. అత్తగారగు కనకాంబ మాత్రము "ఈ యింటి కొడవలికి నీరు తగులనీయను. వేరొక కత్తిని గడప దాటనీయను" అని భీష్మించుకొని కూర్చుండెను.

మూడవనాటి మధ్యాహ్నమున నొప్పులు వచ్చెను. గుమ్మముచెంత పొయ్యిపై నీరు తెర్లుచుండెను. కనకాంబ కొడవలిని కొంగున జుట్టి గుమ్మమున నిలువబడెను. నొప్పికి నొప్పికి నడుమ హైమవతి యామెను జూచి "అత్తయ్యగారూ! మీరును ముగ్గురిని బోగొట్టుకొంటిరి గదా. వారెన్నవనాడు పోయిరి?" అని యడిగెను.

ముప్పదియేండ్లుగా నెవ్వరును గనకాంబ నడుగని మాట యది. "ఎనిమిదవనాడే తల్లీ! ముగ్గురును" అని యామె కొంగు విప్పి "పంట పోయిన బోనిమ్ము!" అనుచు నా కొడవలిని దెర్లునీట దానే విడిచెను. బుసబుస పొంగిన యా నీట నది కొంతసేపు మరిగిన పిమ్మట గవరమ్మ దానిని దీసి యప్పుడే నేలబడిన మగబిడ్డకు బొడ్డు గోసెను.

పిమ్మటి యెనిమిదిదినములును హైమవతి బిడ్డ మోమునుండి చూపు మరల్పలేదు. ఎనిమిదవనాటి ప్రొద్దు గ్రుంకెను. తొమ్మిదవనాటి యరుణోదయమున బిడ్డ నిశ్చలుడై యుండుట గాంచి యామె వాని దవడలను దడవి చూచెను. అంతలో నా శిశువు చిన్నినోరు నిండార దెరచి యిల్లదరునట్లు కేరుకేరున నేడ్చెను.

పురిటిమైల తీరనిదే యా గది గడప ద్రొక్కని కనకాంబ యొక్కపరుగున లోనికి వచ్చి బిడ్డను రెండుచేతుల నెత్తుకొనెను.

"ఏడువరా నా తండ్రీ! ఊరంతయు వినునట్లు గొంతెత్తి యేడువరా!" అని తానును వెక్కివెక్కి యేడ్చెను.