మొదటి కాపు సీసా

తెల్లవారితే జ్ఞానప్రకాశం సంవత్సరీకం. సముద్రం మింగిన మనిషికి సమాధి ఉండదు గనక, పూజలో అతని పేరు చదివించుకోవడం ఒక్కటే అతని భార్య పిచ్చమ్మకు మిగిలింది.

బోగోలు దాపున జాలర్ల పట్టపుపాలెంలో క్రీస్తు గుడి పక్కన తెల్లద్రాక్ష నాటింది ఫాదరు స్వామిగారే గానీ, బతికించింది జ్ఞానప్రకాశం. ఆ ఉప్పునేలలో మంచినీళ్లెక్కడివి? ఇసుకలో మైలు నడిచి, చెలమలో ఊరిన నీళ్లు ముంతతో తోడి, రోజూ రెండు బిందెలు కావడి మీద మోసుకొచ్చేవాడు. అతను పోయాక ఆ కావడి పిచ్చమ్మ భుజానికెక్కింది.

మొదటి కాపుకు దిగింది ఒక్క సీసా ద్రాక్షసారాయం. ఎర్రదైతే పూజాపీఠం గుడ్డకు మరక పడుతుందనీ, చక్కెర కలపకూడదనీ స్వామిగారు దగ్గరుండి చేయించారు. ఆ గుడ్డలుతికేదీ పిచ్చమ్మే. పూజలో తాగేది మాత్రం ఆయనొక్కరే. అయినా ఆ సీసా నీ మొగుడి పూజకే తీస్తానని మాటిచ్చారు.

సంవత్సరీకం ముందురోజు మధ్యాహ్నం మద్యనిషేధం ఆఫీసరు స్వామిగారింటికి భోజనానికొచ్చాడు. పొద్దున పాలెంలో కల్లుకుండలు పగలగొట్టించినవాడు ఆయనే. చేపల వేపుడు పట్టుకెళ్లిన పిచ్చమ్మకు బల్లమీద ఆ సీసాయే సగమై కనబడింది. ఆఫీసరు గుక్క మింగి మొహం చిట్లించాడు. తీపన్నదే లేదు, చింతపులుసు నయమన్నాడు. స్వామిగారు నవ్వి, చేపల్లోకి ఇలాంటిదే బాగుంటుందంటూ మళ్లీ పోయబోయారు.

పిచ్చమ్మకు ఒళ్లు మండిపోయింది. పళ్లెం దించి సీసా లాక్కుంది. రేపటికి నెల్లూరు నుంచి తెప్పించింది ఉందనీ, దేవుడికి ఏదైనా ఒకటేననీ స్వామిగారు సర్దిచెప్పబోయారు. దేవుడికి ఒకటే కావచ్చు, ఆమెకు కాదు. గుడి వెనక గదిలో, నెల్లూరుది ఉన్న అలమారాలోనే ఈ సీసా కూడా పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

తెల్లారి స్వామిగారు తాళంచెవికి చెయ్యి చాచారు.

"ముందు జనంలో మా ఆయన పేరు చదవండి స్వామీ. ఆ తర్వాతే తీస్తా."

స్వామిగారు చదివారు. పిచ్చమ్మ అలమారా తెరిచి ఆ సగం సీసాయే అందించింది. పాత్రలోది చివరి చుక్కదాకా ఆయన మింగేవరకు కళ్లార్పలేదు.

పూజ అయ్యాక కావడి, బిందెలు మోసుకొచ్చి స్వామిగారి గుమ్మంలో దించింది.

"ఇంక ఆ తీగకి నీళ్లు ఆఫీసరుగారిని మొయ్యమనండి," అనేసి ఇంటిదారి పట్టింది.