చుట్టాల కోసం దాచిన గోలీ

"ఒక్క గోలీ ఏసుకోరాదే స్వరూపా. ఇయ్యాల ఒక్క దినమే గదా," అన్నాడు మా ఆయన మల్లేష్, మటన్ సంచి గుమ్మం పక్కన పెడుతూ. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు సులువుగా ఉండేది. లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు కూడా పట్టుకొచ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాకు నీళ్లందించింది గోలీ వేసుకునేటప్పుడే.

నేను చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుము కింద వేడినీళ్ల సంచి పెట్టుకుని ఉన్నాను. పటాన్‌చెరులో ఫిజియోథెరపీ చేసే తనుశ్రీ మేడం నేర్పిన పద్ధతి ఇది. ఆదివారం పొద్దున, చుట్టాలొచ్చే వేళకు, ఇంటి నడుమ ఇట్లా పడుకోవడమంటే దొంగతనం చేసి దొరికిపోయినట్టే ఉంది. వంటింట్లో మా అత్తమ్మ పుష్పమ్మ ఉల్లిగడ్డలు కోస్తోంది. ఆమెకూ మోకాళ్ల నొప్పులే. ఛీ, ముసలామెతో పని చేయించుకుంటూ పడుకున్నావు, నీదీ ఒక బతుకేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను. పాపం అత్తమ్మ నోరు కూడా తెరవలేదు. ఆమె పనులన్నీ నేనే చేసిపెట్టే అలవాటు కదా, ఆమె తిట్టాల్సిన తిట్లు కూడా నేనే తిట్టుకుంటున్నాను.

జిన్నారం దగ్గర మందుల కంపెనీలో నాది ప్యాకింగ్ పని. బెల్టు మీద వచ్చే గోలీల్లో పగిలినవి ఏరేయాలి, షిఫ్టంతా నిలబడే. నడుము పట్టేసినప్పుడు మెడికల్ షాపతను గట్టి గోలీ ఇచ్చాడు. మొదట డ్యూటీ ఉన్న రోజుల్లోనే వేసుకున్నాను. తర్వాత డ్యూటీ లేని రోజుల్లోనూ వేసుకున్నాను. వేసుకోకపోతే చేతులు వణికేవి, కూతురు మహిత మీద ఊరికే అరిచేదాన్ని. ఇది అలవాటు చేసే మందమ్మా అని డాక్టరు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించాడు. నొప్పి మాత్రం పోలేదు. తనుశ్రీ మేడం కూడా పోతుందని ఆశ పెట్టలేదు. "నడవండి, వ్యాయామం చేయండి, వేడి పెట్టుకోండి. అన్నిటికన్నా ముందు, ఒక్కచోటే గంటలు గంటలు కూర్చోకండి," అంది.

మా ఇంటి జొన్న రొట్టెల సంగతి ఆమెకేం తెలుసు! మా ఇంట్లో రొట్టెలు ముందే చేసి గిన్నెలో పెట్టరు. తినేవాళ్లు కూర్చున్నాక పెనం మీంచి ఒక్కొక్కటే వేడివేడిగా పళ్లెంలో పడాలి. ఆఖరి మనిషి చెయ్యి కడిగేదాకా రొట్టెలు చేసే ఆడది పీట మీంచి లేవకూడదు. "రొట్టెంటే మా వదిన చేతి రొట్టెనే," అంటుంది మా ఆడబిడ్డ. ఆ మాటకు నేను పొంగిపోతాను కూడా, అబద్ధమెందుకు.

అందుకే గోలీల పట్టీ ఒకటి పారేయకుండా ఉంచాను. మంచి గాజు గ్లాసులు పై అరలో దాచినట్టు, చుట్టాలొస్తే పనికొస్తుందని కవరులో చుట్టి జొన్నపిండి డబ్బాలో పెట్టాను. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తీసి పారేద్దామని ఎవరూ అనలేదు.

"చెల్లెలోళ్లు సంగారెడ్డి దాటిన్రంట. ఏం జేద్దాం మరి?" మల్లేష్ గ్లాసు అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఇయ్యాలటికి అన్నం పెడ్దాం అత్తమ్మా," అన్నాను.

"మటన్‌లకు ఉత్త అన్నమా? నలుగురు నవ్విపోతరు," అంది అత్తమ్మ లోపల్నుంచి. "పండుకోనియ్‌రా దాన్ని. మహిత ఉన్నది గద, అది చేస్తది. ఆడిపిల్ల ఇగ ఎప్పుడు నేర్చుకుంటది?"

మహితకు నిన్ననే నెలసరి వచ్చింది. మా ఇంట్లో ముట్టు పట్టింపులు ఎప్పుడో పోయాయి. వాటితోపాటు ఆ మూడు రోజులు కాసేపు కూర్చునే వీలు కూడా పోయింది.

కొంచెంసేపటికి మహిత వచ్చి నా తలదగ్గర నిలబడింది. మణికట్టు దాకా పిండి, చేతిలో ఆ పట్టీ.

"అమ్మా, కడుపుల బాగ నొస్తుంది. నీ గోలీ ఒక్కటి ఏసుకుంటనే. ఏసుకుంటే కూసోని చెయ్యొచ్చు గద?"

అడిగిన తీరులో భయం లేదు, ఏడుపూ లేదు. ఉప్పెక్కడుందమ్మా అన్నంత మామూలుగా అడిగింది. నన్ను చూసే నేర్చుకుంది. ఒక్క క్షణం, లేచి ఆ గోలీ నేనే మింగేసి పీట మీద కూర్చుందామనిపించింది. పిల్లకైనా తప్పుతుంది కదా, తల్లన్నాక ఆ మాత్రం చెయ్యొద్దా అనిపించింది. కానీ దీనికి ఈ రోజు తప్పించి ఏం లాభం? రేపు ఏదో ఇంట్లో దీని చేతికీ ఎవరో ప్రేమగానే నీళ్ల గ్లాసు అందిస్తారు.

పక్కకు తిరిగి, చెయ్యి ఊని మెల్లగా లేచి కూర్చున్నాను. పట్టీ తీసుకుని, గోలీలన్నీ ఒక్కొక్కటే నొక్కి మల్లేష్ చేతిలో ఉన్న గ్లాసులో వేశాను.

"గిదేంది?" అన్నాడు బిత్తరపోయి.

"పారబోసి రా. ఈ సంచిల మళ్ల వేడినీళ్లు నింపు, పిల్లకు గావాలె."

"మరి రొట్టెలు?"

"నీకు చేతులు లేవా? నేను ఈడికెల్లి చెప్త, నువ్వు చెయ్యి. వంకర వస్తె వంకరయే తింటరు."

మహితను నా పక్కన చాప మీద పడుకోబెట్టాను. వాకిట్లో కారు ఆగిన చప్పుడు. "అయ్యో, ఇజ్జత్ పోతది, లెవ్వుండ్రే!" అంటూ అత్తమ్మ వంటింట్లోంచి కుంటుకుంటూనే గబగబా వచ్చింది. నాకూ తల కొట్టేసినట్టుంది. ఒళ్లంతా లెమ్మనే అంటోంది. మహిత కంగారుగా లేవబోయింది. దాని పిండి చేతిని గట్టిగా పట్టుకున్నాను.

"పండుకో బిడ్డా. మొదట్ల గిట్లనే తప్పనిపిస్తది."