చక్కెరంటే తెల్లగా ఉంటుంది

పళ్ళెంలో అన్నం లేకపోతే ఆ మనిషి ఇంకా తిననట్టే. జావా దీవిలో, జోగ్జాలోని అత్తగారింట్లో అది చట్టం. అందుకే యుస్నిదా గుడ్లూ, టోఫూ, కొబ్బరిపాల చేపల పులుసూ కడుపునిండా తిని లేచినా, అత్తగారు పార్తినా "ఎప్పుడు తింటావే తల్లీ?" అని అడిగేది. భర్త విబోవోది ఇంకో పాట. "అన్నమే మానేశావుగా, మళ్ళీ ఈ సూదులెందుకు?"

పందొమ్మిదో ఏట ఆమె ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది. అప్పట్నుంచీ రోజుకు నాలుగు సూదులు. నాలుగు నెలల కింద డాక్టరమ్మతో మాట్లాడి అన్నమూ తీపీ లేని కీటో తిండికి మారింది. డాక్టరమ్మ ఇన్సులిన్ తగ్గించింది కానీ, "ఏం తిన్నా తినకపోయినా సూది మాత్రం మానకు, మానితే రెండో రోజుకి ఆసుపత్రిలో తేలతావు" అని మరీ మరీ చెప్పింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి నెత్తురులో చక్కెర చూపే మీటరులో అంకెలు కుదురుగా కూర్చున్నాయి. బడిలో పాఠం చెబుతూ చెబుతూ కళ్ళు తిరిగి బల్ల పట్టుకుని నిలబడాల్సిన అవసరం తప్పింది. ఈ ఒళ్ళు తన మాట వింటోందని ఆమెకి ఎంత సంతోషమో! ఆ సంతోషం కోసం రోజూ గంట ముందు లేచి ఇంటిల్లిపాదికీ తియ్యటి జావా వంట ఒకటీ, తనకి విడిగా ఇంకొకటీ వండిపెట్టి బడికి వెళ్ళేది.

మూడు వారాల నుంచి అంకెలు మళ్ళీ ఎగబాకాయి. రెండొందల పది, రెండొందల నలభై. కూరలు తూకం వేసింది, మీటరు మార్చింది, తనమీద తనకే అనుమానం వచ్చింది. ఆ ఆదివారం ఆడపడుచు వెనింగ్ భోజనానికి వచ్చినప్పుడు విబోవో నవ్వుతూనే అన్నాడు. "మీ వదిన చాటుగా స్వీట్లు తింటోందే. దొంగని ఇంట్లో పెట్టుకుని డాక్టరుని అడిగితే ఏం లాభం?" వెనింగ్ నవ్వింది. యుస్నిదా గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె పుట్టిన పడాంగ్‌లో ఇల్లు ఆడవాళ్ళది, అల్లుడే చుట్టం. ప్రేమించి ఇక్కడికి వచ్చిపడింది, ఎవరిననగలదు? కానీ ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది. రాత్రి పళ్ళు తోముకుంటూ, నిజంగానే తెలియకుండా ఏమైనా తింటున్నానా అని కూడా ఆలోచించింది పిచ్చిది.

ఆ తర్వాతి శనివారం బడి తొందరగా వదిలారు. వంటింట్లో అత్తగారు, యుస్నిదా తనకని విడిగా వండుకున్న పులుసు వేడి చేస్తోంది. చేతిలో నల్లటి కొబ్బరి బెల్లం ముక్క. చూస్తుండగానే అది పులుసులో పడింది.

"అత్తయ్యా! ఏంటది?"

"ఏముందే, రోజూ వేసే చిన్న ముక్కే. మీ పడాంగ్ పులుసు తింటే నాలుక ఏడుస్తుంది. నువ్వేమో చిక్కిపోతున్నావు."

"నాకు చక్కెర పడదని తెలీదా మీకు?"

"ఇది చక్కెరేంటే? చక్కెరంటే తెల్లగా ఉంటుంది. ఇది చెట్టు గీసి, నీరా కాచి చేసింది. మా అమ్మ తొంభై ఏళ్ళు తింది."

యుస్నిదాకి కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వేలు పొడుచుకుని, తిని, గంట తర్వాత అంకె చూపిస్తే ఈవిడ నమ్ముతుంది. సంచిలోంచి మీటరు సగం తీసి, ఆగింది. ఒక మాట నమ్మించడానికి ఎన్నిసార్లు నెత్తురు చూపించాలి? మీటరు మళ్ళీ సంచిలో పెట్టేసింది.

"అది చక్కెరే అత్తయ్యా. నేను చెబుతున్నాను. మూడు వారాలుగా నా అంకెలు పెరిగింది దానివల్లే, నేను దొంగనయ్యిందీ దానివల్లే."

పార్తినా చెయ్యి గరిటె మీద ఆగిపోయింది. ఆదివారం కొడుకు ఆ మాట అన్నప్పుడు ఆవిడ కూడా భోజనాల బల్ల దగ్గరే కూర్చుంది కదా. పొయ్యి ఆపి, ఆ పులుసు తీసుకెళ్ళి పిల్లులకి పోసింది. కొత్తగా రెండు చేపలు కడిగింది.

సాయంత్రం విబోవో చెప్పులు విప్పకముందే పార్తినా ఎదురెళ్ళి, "దొంగని నేనేరా. కోడలి పులుసులో బెల్లం వేసింది నేనే" అంది. అతను చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి, భార్య చెవి దగ్గర నెమ్మదిగా, "సారీ యుస్. ఏదో సరదాకన్నాను, మర్చిపో" అన్నాడు.

యుస్నిదా సూది వేసుకుని, మూత పెట్టి, అతని వైపు తిరిగింది.

"సారీ నాకు వినపడింది. వెనింగ్‌కి వినపడలేదు."