మీసాలయ్య మీసం

మీసాలయ్య సెలూన్‌కి బోర్డు లేదు. ఆయన మీసమే బోర్డు. పెళ్లికి ముందు నుంచీ పెంచుకుంటున్న ఆ మీసం మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చింది లేదు, కట్టుకున్న భార్య చెయ్యి కూడా. అలాంటి మీసానికి ఇవాళ గండం వచ్చిపడింది.

అంతా ఆ యువజన మార్పిడి పథకం పుణ్యమే. దేశంలో ఈ మూల పిల్లల్ని ఆ మూల ఇళ్లకు పంపి, అక్కడి పని నేర్పించాలని దాన్ని పెట్టారు. మొదట్లో పిల్లలు వెళ్లి, సుష్ఠుగా తిని, ఫొటోలు దిగి, ఒళ్లు చేసి తిరిగొచ్చేవారు. పథకం పెట్టినవాళ్లకు చిర్రెత్తుకొచ్చి చివరిరోజు నియమం తెచ్చారు. పిల్లలు నేర్చిన పనికి, నేర్పిన ఇంటి పెద్దే ముందు లొంగాలి, లేదంటే వాళ్లకు పట్టా రాదు. పాపం, ఒక దర్జీ ఒక చెయ్యి పొట్టి చొక్కాతో సొంత కూతురి పెళ్లిలో తిరిగాడు. పెద్దలు లబోదిబోమన్నారు గానీ, ఆ ఏడు నుంచీ పని నేర్పడం మాత్రం బుద్ధిగా నేర్పారు.

ఇదంతా మీసాలయ్యకు తెలియక కాదు. తన కూతుర్ని సముద్రం ఒడ్డున పడవలు కట్టే ఆయన ఇంటికి పంపి, ఆయన కూతుర్ని ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు, గడ్డమేగా, ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాడు. తీరా చూస్తే ఆ పడవలపిల్ల నురగను పడవకు తారు పూసినట్టు పూస్తుంది, కత్తిని చెక్కకు చిత్రిక పట్టినట్టు లాగుతుంది. చెయ్యి కుదరడానికి నురగ పూసిన గాలిబూరల మీద గీయమంటే వీధంతా ఢాం ఢాం. అయినా మానలేదు మొండిఘటం. నిన్న ఒక బూర పగల్లేదని దుకాణంలో గంతులేసింది.

చివరిరోజు రానే వచ్చింది. పిల్ల తువ్వాలు దులిపి కుర్చీ పక్కన నిలబడింది. వీధివాళ్లంతా వేడుక చూడ్డానికి దిగారు. మీసాలయ్య మెల్లగా వెనకగదిలోకి జారుకుని పడవలాయనకు ఫోన్ చేశాడు. మనం మనం సర్దుకుందాం, పరీక్ష లేకుండానే ఇద్దరికీ పట్టాలిచ్చేద్దాం అన్నాడు.

"ఆలస్యం చేశారు అన్నగారూ. మీ అమ్మాయి కట్టిన పడవలోనే ఉన్నాను."

మీసాలయ్య ఫోన్‌ని చెవికి గట్టిగా అదుముకున్నాడు. "నీళ్లేమైనా వస్తున్నాయా?"

"వస్తున్నాయి. మీ అమ్మాయి తోడిపోస్తోంది. ఎక్కేముందు నాకూ భయమేసింది లెండి. కానీ అంత కష్టపడ్డ పిల్లని ఒడ్డున నిలబెట్టి, నీ పడవ నేనెక్కనని ఎలా చెప్పను?"

ఆయన వెనకాల తన కూతురు పడీపడీ నవ్వడం ఫోన్లో వినబడింది. మీసాలయ్యకు కళ్లు చెమర్చాయి, తన మీద తనకే సిగ్గేసింది. గబగబా వచ్చి కుర్చీలో కూలబడి, కానివ్వమ్మా అన్నాడు.

గడ్డం నున్నగా వచ్చింది. దుకాణమంతా చప్పట్లు. ఆ సంబరంలో పడవలపిల్ల చెయ్యి కాస్త పైకి పోయింది, కుడిమీసం సగానికి ఎగిరిపోయింది. పిల్ల కత్తి పక్కన పెట్టేసింది, కళ్లనిండా నీళ్లు.

మీసాలయ్య అద్దంలో అటూ ఇటూ చూసుకున్నాడు. తర్వాత హాయిగా కళ్లు మూసుకుని వెనక్కి వాలాడు.

"ఆగిపోయావేంటమ్మా? ఎడమపక్క కూడా తీసెయ్."

ముందు భార్య నవ్వింది, తర్వాత వీధంతా. వెళ్లేముందు పడవలపిల్ల దుకాణానికి చెక్కతో ఒక బోర్డు చేసి, తారుతో పేరు రాసి, తనే మేకులు కొట్టి మరీ వెళ్లింది.