హన్నా రాయించిన ఉత్తరాలు

శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేవేళకు ఉమామహేశ్ ఎడిత్ ఫైలు ముగించాడు. మొత్తం అరవై రెండు పుటలు. 1907 నుంచి ఇంగ్లండులో ఒక పిల్లల ఆశ్రమం వాళ్లు రాసి దాచుకున్న కాగితాలు.

కర్నూలు రాజ్‌విహార్ దగ్గర మందుల షాపు పైన ఒకే ఒక గది ఆ ఆఫీసు. ఎనిమిది కంప్యూటర్లు, రెండు ఫ్యాన్లు. ఇంగ్లండు నుంచి పోయి కెనడాలో స్థిరపడినవాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు తమ వంశం గురించి తెలుసుకోవాలని అక్కడి కంపెనీని అడుగుతారు. కంపెనీ పాత కాగితాల బొమ్మలు తీయించి కర్నూలుకు పంపుతుంది. ఓడ ఎక్కినవాళ్ల జాబితాలు, చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కలు. ఆ ముత్తాతల గొలుసుకట్టు రాత వాళ్ల మునిమనవళ్లకు అర్థం కాదు. కోసిగి పక్క పల్లెలో పుట్టి, తమ ఇంట్లో అందరికన్నా ముందు డిగ్రీ చదివిన ఉమామహేశ్‌కు అర్థమవుతుంది. ఆరేళ్లుగా అతని పని అదే.

ఈసారి అడిగినావిడ పేరు వినిఫ్రెడ్. ఎనభై ఆరేళ్లు. ఆమె తల్లి ఎడిత్‌ను ఎనిమిదేళ్ల వయసులో, ఇంకా చాలామంది పేద పిల్లలతో కలిపి ఓడ ఎక్కించి కెనడాకు పంపారు. అక్కడ ఒక రైతు ఇంట్లో పనికి పెట్టారు. ఎడిత్ తొంభై ఏళ్లు బతికింది. ఇంగ్లండు గురించి కూతురికి చెప్పింది ఒక్క మాటే. "మా అమ్మ నన్ను ఇచ్చేసింది."

"అది నిజమేనా?" అని వినిఫ్రెడ్ రాసింది. "ఆ తర్వాతైనా మా అమ్మ కోసం ఎవరైనా వచ్చి అడిగారా? నా ఆరోగ్యం బాగాలేదు. దయచేసి త్వరగా చెప్పండి."

ఫైల్లో జవాబు ఉన్నట్టే కనిపించింది. ఆశ్రమంలో చేర్చుకున్న ఫారం మీద తల్లి హన్నా పేరు, పక్కన సంతకానికి బదులు ఆమె పెట్టిన కూడిక గుర్తు. ఆమెకు చదువు రాదు. ఆ గుర్తుకు పైన, చీమల బారులాంటి అచ్చులో, పిల్లను దేశం దాటించడానికి సమ్మతిస్తున్నట్టు ఒక వాక్యం. తర్వాత ఆరేళ్లలో పాప ఎలా ఉందని అడుగుతూ ఐదు ఉత్తరాలు వచ్చాయి. ఐదుగురు మనుషులు, ఐదు రకాల చేతిరాతలు. సరుకుల కొట్టాయన, అద్దె ఇంటావిడ, చర్చికి వచ్చే ఒకామె, ఒక సిపాయి, ఒక దర్జీ. తాము బంధువులమని వాళ్లెవరూ చెప్పలేదు.

'తల్లి సమ్మతితో పంపారు. తర్వాత బంధువులెవరూ విచారించలేదు' అని ఉమామహేశ్ రాశాడు. రాసేటప్పుడు అతని చెయ్యి ఆగలేదు. అలాంటి తల్లులు ఉంటారని అతనికి తెలుసు.

మైదుకూరు నుంచి వచ్చి ఆ ఆఫీసు నడుపుతున్న నాగలత అతని వెనకనే నిలబడి చదివింది.

"సరిగ్గానే ఉండాది. సోమవారం పొద్దున పంపిచ్చేద్దాం ఉమా. ముసిలామె అప్పుడే రెండు మెయిళ్లు పెట్టింది."

"సరే అక్కా. రేపు నాకు సెలవు. అమ్మను కంటి ఆసుపత్రికి పిల్చుకపోవాల."

*

ఉమామహేశ్ తల్లి ఈరక్కకు కుడికంట్లో పొర ముదిరింది. మంగళవారం ఆపరేషన్. కిటికీ దగ్గర కూర్చున్న నర్సమ్మ రెండు పుటల ఫారం బల్ల మీద పరిచి, ఇంకుప్యాడు ముందుకు తోసింది.

"ఈడ వేలు వెయ్యి పెద్దమ్మా."

ఈరక్క చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుంది. "ఏమి రాసినారు?"

"ఆపరేషనుకు ఒప్పుకుంటాండానని. అందరూ వేసేదే."

"అందరి సంగతి నాకెందుకమ్మా? ఉమా, సదువు."

"నేను చూసినాలేమా. ఏమీ లేదు దాంట్లో."

"ఏమీ లేకపోతే రెండు కాగితాలెందుకు? సదువు. మొదుట్నుంచి."

వెనక వరుసలో తలపాగా చుట్టుకున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఏమప్పా, మీయమ్మ పొలం రిజిస్ట్రేషన్ చేపిచ్చుకుంటాందా ఏమి?"

నలుగురు నవ్వారు. ఈరక్క వెనక్కి తిరగలేదు. "నీ కంట్లో పొర యాడికీ పోదులే అన్నా. నిలబడు."

ఉమామహేశ్ ముఖం వేడెక్కింది. అయినా చదివాడు, ఒక్కొక్క వాక్యం. రెండో పుటలో 'అవసరమైతే వేరే ఆసుపత్రికి తరలించడానికి సమ్మతి' అన్న చోట ఆమె ఆపింది.

"వేరే ఆసుపత్రంటే యాడికి? నన్ను యాడికి ఎత్తుకపోయినారో నా కొడుక్కి ఎవురు చెప్తారు?"

"మేమే ఫోన్ చేస్తాం పెద్దమ్మా" అంది నర్సమ్మ.

"ఆ మాట రాయి ఈడ. వాని నెంబరు కూడా రాయి."

నర్సమ్మ ఒకసారి ఉమామహేశ్ వైపు చూసి, పెన్ను తీసి, ఫారం అంచున రాసింది. అప్పుడు గానీ ఈరక్క వేలు వెయ్యలేదు.

బయట హోటల్లో ఉగ్గాని, బజ్జీలు తీసుకున్నారు. "అంతమంది ముందర అట్ల చేస్తే ఎట్లమా?" అన్నాడు ఉమామహేశ్.

"సదవకుండా ఒక్కసారి ఏసినా. ఇంక సాలు."

"ఎప్పుడు?"

"నిన్ను హాస్టల్లో ఇడిసినప్పుడు."

అతని చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్లలో ఆ మాట వాళ్లిద్దరి మధ్యకు ఎప్పుడూ రాలేదు. ఆ ఏడు వానలు పడలేదు. ఊళ్లో సగంమంది సుగ్గికి పోయారు, అంటే గుంటూరు దిక్కు మిరపకాయలు కోసే కూలికి. అతని నాయన అయ్యన్న, ఈరక్క కూడా పోయారు. ఏడేళ్ల ఉమామహేశ్‌ను కోసిగిలో హాస్టల్లో పెట్టారు. నెల తిరక్కుండానే కొందరు పిల్లలను బస్సెక్కించి బనగానపల్లె దిక్కున ఇంకో హాస్టలుకు చేర్చారు. అందులో అతనూ ఉన్నాడు. ఉగాదికి వస్తానన్న అమ్మ రాలేదు. ఎండాకాలం గడిచిపోయాక, కొత్త పలకలు ఇచ్చే రోజుల్లో వచ్చింది. అప్పటికి అతను ఏడవడం మానేశాడు. ఎందుకు రాలేదని ఎప్పుడూ అడగలేదు. పెద్దయ్యాక ఒకటో తేదీన ఇంటికి దుడ్లు పంపుతాడు, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకుపోతాడు. కొడుకు చెయ్యవలసినవన్నీ చేస్తాడు. అదొక్కటి అడగడు.

"సుగ్గి అయ్యేదాంకా అనుకొని ఏసినా వేలు" అంది ఈరక్క. "కాగితంలో ఏముండాదో నేను అడగల్యా, ఎవురూ చెప్పల్యా. ఉగాదికి వచ్చి చూస్తే నువ్వు లేవు. బనగానపల్లె దిక్కు పంపినాం, నువ్వే వేలేసినావు గదమ్మా అన్నారు. బనగానపల్లె యాడుండాదో నాకేం తెలుసు, మామిడికాయ పేరు తప్ప? డోన్ దాకా ఒకసారి వచ్చి దావ తెలీక ఎనక్కి పోయినా."

"ఉగాదికి వచ్చినావా?"

"రాకుండా ఉంటానా? కార్డుల్లో కూడా రాపిచ్చినా గదా, వస్తాండా అని."

"నాకు నువ్వు ఒక్క కార్డు కూడా రాయలేదు మా."

"నాకు రాసేదానికి వస్తాదా?"

ఉమామహేశ్ నెమ్మదిగా అన్నాడు. "కార్డులు వచ్చేవి, కోసిగి హాస్టలు నుంచి పంపిచ్చేవాళ్లు. బొజ్జన్న మామ రాసినాడు ఒకటి. గుంటూరు కాడ సైకిల్ షాపు గాబ్రియేలు అని ఎవురో రాసినాడు. ఒక టీచరమ్మ రాసింది. ఉమా బాగున్నావా, దగ్గు తగ్గిందా, తేనె ఇస్తాండారా అని. వీళ్లంతా నాకెందుకు రాస్తాండారో అర్థమయ్యేది కాదు."

"వాళ్లు రాసినారా?" ఈరక్క పకపకా నవ్వింది. "చెయ్యి వాళ్లది. మాట నాది. నీ దగ్గు సంగతి సైకిల్ షాపాయనకు ఎట్ల తెలుస్తాది పిచ్చోడా? యాడ సదువొచ్చిన మనిషి దొరికితే ఆడ రాపిచ్చినా. కింద నా బొటనేలు కూడా ఏసినా గదా ప్రతిదాంట్లో. పొయ్యి మసి పూసుకొని ఏసేదాన్ని. నువ్వు గుర్తుపడతావని."

అతనికి ఆ మసి గుర్తుంది. కార్డు కింద నల్లగా, గుండ్రంగా ఉండేది. హాస్టలు పిల్లలు మురికి కార్డు అని ఎగతాళి చేస్తే, రబ్బరు అరువు అడిగి మరీ రుద్దేవాడు.

"తుడిచేసినా మా" అన్నాడు. "మురికి అనుకొని."

"మిరపకాయలు కోసే చెయ్యి, మురికిగాక ఎట్లుంటాది?" అని ఆమె అతని ప్లేటులో తన బజ్జీ ఒకటి వేసింది. "తిను, సల్లారిపోతాది."

అతను తినలేదు. సైకిల్ షాపాయనకు దగ్గు సంగతి. ఎడిత్ ఫైల్లో ఆ సరుకుల కొట్టాయనకు పాప చెవి పోటు సంగతి.

"మా, ఒకసారి ఆఫీసుకు పోయొద్దాం రా" అని లేచాడు.

*

ఆటో దిగి, ఈరక్క చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. నాగలత టిఫిన్ డబ్బా మూత తీస్తోంది.

"సెలవు రోజు కూడా ఆఫీసేనా అప్పా? పెద్దమ్మా, నువ్వన్నా చెప్పొద్దా వీనికి?"

ఉమామహేశ్ ఎడిత్ ఫైలు తెరిచి, నలభయ్యో పుటకు పోయాడు. సరుకుల కొట్టాయన ఉత్తరం. 'ఆ పాపకు చలికాలంలో ఎడమ చెవి పోటు వస్తుంది. గోరువెచ్చని నూనె చుక్కలు వేస్తున్నారా?' అద్దె ఇంటావిడది చూశాడు. 'పాప చెవి ఎలా ఉందో తెలపగలరు.' సిపాయిది. 'చెవి సంగతి మరవకండి.' ఐదింటిలోనూ చెవి ఉంది. నిన్న ఐదూ చదివాడు. ఐదుగురు మంచిమనుషులు అనుకున్నాడు.

"అక్కా, ఈ పిల్ల చెవి పోటు సిపాయికి ఎట్ల తెలుస్తాది?"

నాగలత డబ్బా పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది. అతను ఉత్తరాల అడుగున వేలు పెట్టి చూపించాడు. ప్రతిదాని కింద ఒక చిన్న కూడిక గుర్తు.

"అది గుమాస్తా గీత" అంది నాగలత. "జవాబు పంపినాం అని పెట్టుకునేది."

"నేనూ అట్లనే అనుకున్నా."

అదే ఆశ్రమానివి ఇంకో మూడు ఫైళ్లు తెరిచారు. గుమాస్తా గీత ఎర్రసిరాతో, ఒక పక్కకు వాలిన ఒంటిగీత. ఇక్కడ మాత్రం ఏ ఉత్తరం కింది గుర్తు ఆ ఉత్తరం సిరాతోనే ఉంది. ఉమామహేశ్ ఫారం మీద ఉన్న హన్నా గుర్తును పెద్దది చేసి, పక్కన ఐదూ వరుసగా పెట్టాడు. నిలువు గీత తిన్నగా ఉంది. అడ్డంగా వచ్చింది మాత్రం చివర కిందికి జారిపోతోంది. ఆరింటిలోనూ అంతే.

ఈరక్క స్టూలు ముందుకు జరుపుకుని, మంచి కన్ను తెర దగ్గరికి పెట్టింది. "ఎవురివి ఇవి?"

"ఒకమ్మ కూతురు దూరం పోయింది మా. ఎవురితోనో రాపిచ్చినట్ల ఉండాది."

"ఒకటే చెయ్యి" అంది ఈరక్క.

"నీకెట్ల తెలుసు పెద్దమ్మా?" అంది నాగలత.

"ఎంత గట్టిగా అదిమింది సూడు. కాగితం చిల్లు పడేటట్ల ఉండాది. సదువొచ్చినోళ్లు అంత గట్టిగా అదమరు తల్లీ. వాళ్లకు అది మామూలు పని."

నాగలత కుర్చీ లాక్కుని నివేదిక తెరిచి, చివరి వాక్యం పట్టుకుని చెరిపేసింది. "ఇది నా సంతకంతో సోమవారం పోవాల్సింది" అని తనలో తాను అనుకున్నట్టు అంది. తర్వాత అతని వైపు తిరిగింది. "ఉమా, మన మనసులో ఉన్నది రాయొద్దు. చూసింది రాయి. ఆమెకు అంతకంటే ఏమీ అవసరం లేదు."

అతను చూసిందే రాశాడు. సమ్మతి వాక్యం చిన్న అక్షరాల్లో ఉందనీ, దాన్ని ఎవరైనా హన్నాకు చదివి వినిపించినట్టు ఫైల్లో ఎక్కడా లేదనీ రాశాడు. ఆరేళ్లలో ఐదుసార్లు ఆ పిల్ల కోసం ఉత్తరాలు వచ్చాయనీ, ఐదింటిలోనూ ఎడమ చెవి గురించి అడిగారనీ, ఐదింటి కింద ఉన్నది ఫారం మీది గుర్తే అనీ రాశాడు. చివర, 'ఇవి హన్నా రాయించిన ఉత్తరాలని నా అభిప్రాయం' అని ఒక్క వాక్యం చేర్చాడు. నాగలత రెండుసార్లు చదివి, సోమవారం దాకా ఆగకుండా అప్పుడే పంపేసింది.

*

గురువారం ఈరక్క నల్లకళ్లద్దాలు పెట్టుకుని, అతని అద్దె గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఆపరేషన్ బాగా జరిగింది. ఉమామహేశ్ ఫోన్‌లో మెయిల్ తెరిచాడు. వినిఫ్రెడ్ జవాబు. ఒకసారి లోపల చదువుకున్నాడు. తర్వాత అమ్మ కోసం తెలుగులో చెప్పాడు.

'మా అమ్మకు ఎడమ చెవి వినపడేది కాదు. చలికాలమంతా దాంట్లో దూది పెట్టుకునేది. ఈ సంగతి నేను మీకు ఎక్కడా రాయలేదు. కాబట్టి ఆ ఉత్తరాలు ఎవరివో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. నిన్న మా అబ్బాయి నన్ను అమ్మ సమాధి దగ్గరికి తీసుకుపోయాడు. ఐదు ఉత్తరాలూ పైకి చదివాను. కుడివైపు నిలబడి చదివాను.'

ఈరక్క కళ్లద్దాలు పైకి తోసుకోబోతే అతను చెయ్యి పట్టుకుని ఆపాడు. డాక్టరు తాకొద్దన్నాడు.

"ఆయమ్మ ఎన్ని రాపిచ్చింది అంటివి?"

"ఐదు."

"నేను తొమ్మిది రాపిచ్చినా" అంది ఈరక్క, కొంచెం గొప్పగా.

"నాకు ఆరే వచ్చినాయి మా."

"మూడు యాడో తిరుగుతాంటాయిలే. వస్తాయి" అని ఆమె గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది.

హన్నావి కూడా ఇంకెన్ని దారిలో పోయాయో అనుకున్నాడు ఉమామహేశ్. లేచి, అమ్మ కంటిలో చుక్కలు వెయ్యడానికి చేతులు కడుక్కున్నాడు.