కనుబొమల హాజరు

పేదవాళ్ళ పేరు గోడమీది కాగితంలో పడిందంటే అది మేలుకు పడదు. ఈ మాట భారతమ్మకు వాళ్ళ అవ్వ చెప్పింది. అవ్వకు కరువు చెప్పింది. అందుకే ఆ సోమవారం పొద్దున, తిరుపతిలోని ఆ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ విభాగం మెట్లు ఊడుస్తున్న భారతమ్మ, నోటీసు బోర్డు ముందు కదలకుండా నిలబడిన లితియాను చూసి చీపురు ఆపేసింది.

లితియాది పసిఫిక్ సముద్రంలో ఉన్న ఫిజీ దేశం. అందులోనూ ఏ మూలనో ఉన్న చిన్న దీవి. అక్కడ సముద్రం బావుల్లోకి వచ్చేసింది. కర్రపెండలం గడ్డలు భూమిలోనే కుళ్ళిపోతున్నాయి. ఉప్పు నేలలో పంట తీసే చదువు నేర్చుకుని రమ్మని ఊరు ఊరంతా కలిసి ఆ పిల్లను ఓడ ఎక్కించింది. రెండేళ్ళ చదువు. శుక్రవారం ఆఖరి పరీక్ష.

కాగితంలో ఆరు పేర్లు ఉన్నాయి. హాజరు చాలలేదు, హాల్ టికెట్ లేదు అని. ఆరుకు ఆరూ లితియాలా దీవుల నుంచి వచ్చిన పిల్లల పేర్లే. పరీక్ష లేకపోతే సీటు పోతుంది. సీటు పోతే వీసా పోతుంది. ఉత్త చేతులతో ఊరికి పోవాలి.

అసిస్టెంట్ రిజిస్ట్రారు పరంధామయ్య అప్పుడే కారు దిగి మెట్లెక్కుతున్నాడు. లితియా ఎదురు వెళ్ళింది.

"సార్, నేను రోజూ వచ్చినాను సార్." ఆ పిల్ల తెలుగు మెస్సులో వంట చేసేవాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు. అచ్చం చిత్తూరు యాస.

"రోజూ వచ్చినావా? వచ్చింటే పేరు పిలిచినప్పుడు పలకలేదేం? మీ దీవిలో టెంకాయ చెట్టు కింద పండుకున్నట్టు రూములో పండుకుంటే ఈడ కుదరదమ్మా!" అన్నాడాయన. పక్కనున్న గుమాస్తాలు నవ్వారు.

లితియా తల వంచుకుంది. ఆ పిల్ల కన్నీళ్ళు టపటపా మెట్టు మీద పడ్డాయి. అప్పుడే ఊడ్చిన మెట్టు.

ఆ పిల్ల రోజూ వచ్చిందని భారతమ్మకు తెలుసు. ఆ తరగతి ముందున్న వరండా రోజూ తొమ్మిదికి ఊడ్చేది ఆమే.

ఆ దీవుల్లో ఔననడానికి నోరు తెరవరు. కనుబొమలు పైకెత్తుతారు. అంతే. పెద్దల ముందు గొంతెత్తి నేనున్నానని అరవడం వాళ్ళలో మర్యాద కాదు. అన్నం తిన్నావా అంటే కనుబొమలు. జ్వరం తగ్గిందా అంటే కనుబొమలు. వచ్చిన మొదటి నెలలోనే ఊడ్చేవాళ్ళకూ వండేవాళ్ళకూ ఈ సంగతి తెలిసిపోయింది. అడిగేటప్పుడు వాళ్ళు ఆ పిల్ల మొహం చూసి అడిగారు కాబట్టి తెలిసింది.

వేదవ్యాస్ సారు మొహం చూడడు. చెడ్డవాడు కాదు, తిరుచానూరు నుంచి పాత స్కూటరు మీద వచ్చే గెస్టు లెక్చరరు. వేలిముద్రల మిషను చెడిపోయి ఆరు నెలలు. అప్పటినుంచి రిజిస్టరే. తల రిజిస్టరులో, వేలు పేరు మీద, చెవి తరగతి వైపు. "లితియా" అంటాడు. ఆ పిల్ల కనుబొమలు ఎత్తుతుంది. సారు విన్నాడనే అనుకుంటుంది. సారుకు ఏమీ వినపడదు. వేలు కింది పేరు మీదికి జారుతుంది. ఆరు నెలలు ఇదే. భారతమ్మ చూస్తూనే ఉంది, కానీ ఆ రిజిస్టరులో ఏం పడుతున్నదో ఆమెకేం తెలుసు?

ఇప్పుడు తెలిసింది. తెలిసినా మళ్ళీ చీపురే పట్టుకుంది. కాంట్రాక్టరు మునిప్రసాద్ మాట చెవిలో మోగింది. "గదుల్లో ఏం జరిగినా మీకు కండ్లుండకూడదు మే. ఊడ్సేదానికి చేతులుంటే చాలు." నీళ్ళ ట్యాంకులో కాకి చచ్చి పడి ఉందని చెప్పిన యశోదమ్మ మరునాటి నుంచి పనిలో లేదు. మరుగుదొడ్ల యాసిడ్ పడి భారతమ్మ కుడిచేయి కాలినప్పుడు, ఇంట్లో పొయ్యి మీద పడి కాలిందని చెప్పమన్నాడు. ఆమె అట్లాగే చెప్పింది. ఆ చేతికి ఈనాటికీ వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు.

మధ్యాహ్నం మెస్సు వెనక రేకుల షెడ్డులో బీన్సు తరుగుతూ కూర్చున్నప్పుడు ఆ మాట బయటపడింది. వంటావిడ నాగవేణిది సత్యవేడు. నోరు పెద్దది. ఆ నోటికి తగిన గుండె ఉంది.

"ఆరు మందీ దీవోళ్ళేనా? అందరికీ ఒకేసారి సోంబేరితనం వచ్చిందా? ఏం మే భారతమ్మా, ఆ వరండా నీదే గదా? నువ్వేం సూసినావు?"

భారతమ్మ గొంతు తగ్గించి చెప్పింది. చెప్పేసరికి షెడ్డులో కత్తిపీటలన్నీ ఆగిపోయాయి.

"అడిపాపీ! తలకాయెత్తి సూస్తే తీరిపోయేదానికి ఇంత కథా?" అంది నాగవేణి. "పదండి, ఆ సారు కాడికి పోదాం."

"మనకెందుకక్కా? రేపు మస్టర్లో మన పేరే ఉంటాదో లేదో తెలీదు. దీవి పిల్లకోసం కూటికుండ పగలగొట్టుకుంటామా?" అంది భారతమ్మ.

"ఎవురి కుండ మే? నీ చెయ్యి కాలినప్పుడు మనోళ్ళు ఎవురొచ్చినారు? మునిప్రసాదు భయానికి నేను కూడా అన్నం గంటె వదల్లేదు. ఆ రోజు నిన్ను ఆటోలో పెద్దాసుపత్రికి ఎత్తుకపోయింది ఈ పిల్లోళ్ళే గదా? దినామూ నీ చేతికి టెంకాయ నూనె రుద్దేది ఎవురు?"

భారతమ్మ ఆ కాలిన చేతిని కొంగులో దాచుకుంది.

వేదవ్యాస్ మెట్లకింద స్కూటరు తాళం తీస్తూ నాగవేణికి దొరికాడు. విన్నాడు.

"అరవై పేర్లు నాగవేణమ్మా. అయిదు నిమిషాల్లో పిలిచి పాఠం మొదలుపెట్టకపోతే నామీద రాస్తారు. నేనూ మీలాగే కాంట్రాక్టు. వచ్చే నెల నా రెన్యువలు ఫైలు పరంధామయ్యగారి దగ్గరికే పోవాలి. తప్పు రాశానని నా చేత్తో నేనే ఎలా ఒప్పుకునేది? మా అమ్మ మంచంలో ఉంది."

"మీ అమ్మకు దండం సార్. ఆ పిల్లక్కూడా అమ్ముండాది."

ఆయన స్కూటరు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఇంజన్ స్టార్ట్ చేయడం కూడా మరిచిపోయాడు.

బుధవారం వంటపొయ్యిలు వెలగలేదు. నలభై మంది ఆడవాళ్ళు పరిపాలన భవనం మెట్ల మీద కూర్చున్నారు. చీపుర్లు ఒక పక్క, గంటెలు ఒక పక్క. దీవుల పిల్లలు ఆరుగురూ వాళ్ళ మధ్య కూర్చున్నారు. ఆకలైన విద్యార్థులు మొదట మెస్సు మూసేశారని తిట్టుకుంటూ వచ్చారు. సంగతి విని కొందరు పక్కనే నిలబడిపోయారు. భారతమ్మ వచ్చింది గానీ అందరికంటే వెనక, స్తంభం పక్కన కూర్చుంది.

పరంధామయ్య బయటికి వచ్చాడు. వెనకాల మునిప్రసాద్.

"వంటోళ్ళకు హాజరు రూల్సుతో ఏం పని? గరిటె తిప్పేవాళ్ళు యూనివర్సిటీ నడపతారా?"

"నడపతా ఉండేది మేమే సారూ! రెండు దినాలు మేము చెయ్యెత్తేస్తే మీ కంపు మీకే తెలుస్తాది," అంది నాగవేణి. పిల్లలు గొల్లున నవ్వారు. ఆ నవ్వుతో భయం కొంచెం సడలింది.

అప్పుడు గేటు వైపు నుంచి వేదవ్యాస్ వచ్చాడు. చంకలో రిజిస్టరు. ఎవరితోనూ మాట్లాడకుండా మెట్ల ముందు నిలబడి, దాన్ని తెరిచి, ఈసారి తల ఎత్తి పిలిచాడు.

"లితియా."

ఆ పిల్ల కనుబొమలు పైకి లేచాయి.

మిగతా అయిదు పేర్లూ పిలిచాడు. అయిదు జతల కనుబొమలు లేచాయి. వేదవ్యాస్ పరంధామయ్య వైపు తిరిగాడు. "ఆరు నెలలు వీళ్ళు పలికారు సార్. నేనే చూడలేదు. తప్పు నాది. రిజిస్టరు దిద్దడానికి అనుమతివ్వండి."

పరంధామయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత నవ్వాడు. "ఈ పొద్దు ఎత్తినారు, సరే. ఆరు నెలలు ఇట్లే ఎత్తినారని ఎవురు చూసినారు? తమరే చూడలేదంటిరే. సాక్ష్యం ఉండాదా?"

"ఉండాది. మా భారతమ్మ సూసింది. దినామూ సూసింది. లెయ్ మే భారతమ్మా, చెప్పు!" అని నాగవేణి వెనక్కి తిరిగింది.

అన్ని మొహాలూ తిరిగాయి. పరంధామయ్య భుజం మీదుగా మునిప్రసాద్ కూడా ఆమెను చూశాడు. చూశాడంతే.

భారతమ్మకు రేపటి పొయ్యి కనిపించింది. ఖాళీ కుండ కనిపించింది. యశోదమ్మ కనిపించింది, సంతలో రాలిన టమాటాలు ఏరుకుంటూ. ఆమె తల వంచి తన కాళ్ళవంక చూసుకుంది.

"చూసినారా? అబద్ధాలు చెప్పి పిల్లోళ్ళను రెచ్చగొట్టేదానికి వచ్చినారు," అన్నాడు పరంధామయ్య. పోలీసు జీపు అప్పటికే గేటు దాటింది. నాగవేణిని జబ్బ పట్టి ఈడ్చారు. వేదవ్యాస్ చేతిలోని రిజిస్టరు లాక్కుని ఆయన్నూ ఎక్కించారు. జీపు కదిలే ముందు నాగవేణి భారతమ్మ వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు.

గురువారం ఎలా గడిచిందో ఎవరికీ గుర్తులేదు. నాగవేణిని రిమాండుకు పంపారన్నారు. సారును తీసేశారన్నారు. మళ్ళీ కూర్చుంటే అందరినీ తీసేస్తానని మునిప్రసాద్ చెప్పి పంపాడు. పొయ్యిలు వెలిగాయి. అన్నం ఉడికింది. వండిన వాళ్ళు తినలేదు.

పొద్దు గూకే వేళ భారతమ్మ రేకుల షెడ్డులో ఒంటరిగా కూర్చుని ఉంటే లితియా వచ్చింది. చేతిలో నూనె గిన్నె. ఎప్పటిలాగే ఆ కాలిన చేయి ఒళ్ళో పెట్టుకుని వేలు వేలుకూ నూనె రుద్దింది.

"నా మింద కోపంగా ఉండాదా పాపా?"

"లేదమ్మా."

"ఉండాల. ఉంటేనే బాగుంటాది." భారతమ్మ ముక్కు చీదుకుంది. "మా అవ్వకొక చిన్నాయన ఉండె. కరువు కాలంలో ఎవుడో కూలోళ్ళను చేర్చే కంగాణి వచ్చి, చెరుకు తోటల్లో పనుండాది, పక్కూరే అని చెప్పి ఓడెక్కించినాడంట. మీ ఫిజీకే. మల్లా రాలేదు. మా అవ్వ చచ్చేదాకా చెరుకు ముక్క నోట్లో పెట్టలేదు."

లితియా చేతులు ఆగాయి. "మా ఊర్లో కూడా ఒక కథ ఉండాది అమ్మా. తోటల్లో కొడతా ఉంటే ఒక కూలాయన పారిపోయి పడవలో మా దీవికి వచ్చినాడంట. మా ముత్తవ్వ గడ్డలు ఉడకబెట్టి పెట్టింది. కంపెనీవాళ్ళు తుపాకీతో వచ్చి, ఎవురైనా చూసినారా అని అడిగినారు. ఊరంతా నిలబడింది. ఒక్కరూ నోరు తెరవలేదు."

లోపల ఎవరో అంట్లు తోముతున్న చప్పుడు.

"ఆ కూలాయన మావోడే అయ్యుంటాడు. కాకపోయినా మావోడే," అంది భారతమ్మ చివరికి. "ఆ పొద్దు మీవాళ్ళు నోరు మూసుకుని మావోణ్ణి కాపాడినారు. ఈ పొద్దు నేను నోరు మూసుకుని నిన్ను ముంచినాను."

లితియా ఆ చేయి మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. నూనె రుద్దసాగింది.

శుక్రవారం. పరీక్ష పదింటికి. ఆరున్నరకు మెస్సు వెనక మస్టరు వరస నిలబడింది. మునిప్రసాద్ కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాడు. తల పుస్తకంలో, పెన్ను పేరు మీద. రోజూ అంతే. పదేళ్ళుగా అంతే. భారతమ్మకు ఇన్నాళ్ళూ తోచని సంగతి ఇప్పుడు తోచింది. ఇతను కూడా ఏనాడూ తన మొహం చూసి తన పేరు పిలవలేదు.

"భారతమ్మ."

బదులు లేదు.

"భారతమ్మ! సచ్చిందా?"

బదులు లేదు. పెన్ను ఆగింది. పదేళ్ళలో మొదటిసారి మునిప్రసాద్ తల ఎత్తి చూశాడు. ఎదురుగానే భారతమ్మ. ఆమె అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ కనుబొమలు పైకెత్తింది.

"ఏం మే, నోరు పడిపోయిందా? వచ్చినావా లేదా?"

"వచ్చినాను. నువ్వు తలకాయెత్తినాక తెలిసిందే? ఆ పాపోళ్ళు ఆర్నెల్లు ఇట్లే పలికినారు. దినామూ తొమ్మిదింటికి. కిటికీ పక్కన రెండో బెంచి. నేను సూసినాను." భారతమ్మ వరస దాటి ఒక అడుగు ముందుకేసింది. "కోర్టులో అడుగు, చెప్తాను. పోలీసోళ్ళు అడగనీ, చెప్తాను. ఈ చెయ్యి యాడ కాలిందో కూడా చెప్తాను. మా నాగవేణక్క అబద్ధం చెప్పలేదు."

"నీ పేరు కొట్టేస్తా ఉండాను!"

"కొట్టెయ్యి. తర్వాత పేరు పిలువు."

అతను పిలిచాడు. "వరదమ్మ!" వరదమ్మ నోరు తెరవలేదు. కనుబొమలు లేచాయి. "పంకజాక్షి!" అదే. "జయంతి!" అదే. ప్రతి పేరుకూ అతను తల ఎత్తక తప్పలేదు. ఎత్తి, చూసి, దించి, మళ్ళీ ఎత్తి. నుదుట చెమట పట్టింది. ఏం పిలుస్తున్నాడో తనకే తెలియక, ఇంకా కొట్టివేయని పేరొకటి నోటి వెంట వచ్చేసింది.

"నాగవేణి!"

వరసంతా ఒక్కసారిగా కనుబొమలు ఎత్తింది. అందరూ నాగవేణులయ్యారు.

హాస్టలు మెట్ల మీద అలికిడి అయింది. రాత్రి దీవుల పిల్లలు గదిగదికీ వెళ్ళి పిలిచిన విద్యార్థులు పరీక్షకు తయారై, హాల్ టికెట్లు చేతబట్టుకుని ఒక్కొక్కరే దిగివచ్చి వరస చివర నిలబడుతున్నారు. ముందు పది మంది. తర్వాత లెక్క తెలియలేదు. మధ్యలో దీవుల పిల్లలు ఆరుగురు.

"తొమ్మిదింటికి పరీక్ష గది తలుపు తెరుస్తారు," అంది భారతమ్మ అందరికీ వినబడేట్టు. "ఈ ఆరు మందీ లోపలికి పోయినాకనే మిగతావాళ్ళు పోతారు. పోనియ్యకపోతే ఎవురూ పోరు. పొయ్యి వెలగదు. చీపురు లెయ్యదు."

మునిప్రసాద్ ఫోను చెవికి పెట్టుకుని పక్కకు పరుగెత్తాడు. కాసేపటికి గేటు దగ్గర జీపు చప్పుడు వినిపించింది. ఒకటి కాదు, రెండు.

భారతమ్మ కాలిన చేయి చాచి లితియా చేయి పట్టుకుంది. వేళ్ళు పూర్తిగా ముడుచుకోలేదు. లితియా వేళ్ళే వాటి చుట్టూ బిగిశాయి.

"భయంగా ఉండాదా పాపా?"

లితియా కనుబొమలు పైకెత్తింది.

"నాక్కూడా," అంది భారతమ్మ.

జీపులు వచ్చి ముందు ఆగాయి. వరసలో ఒక్కరూ తల దించలేదు.