మునిగిన ఓడ మీద రెండు గీతలు

కనకరత్నం రోజూ ఒడ్డున తాడిచెట్టు నీడలో వల బాగుచేసుకునేది. చెట్టు జరిగితే తనూ చాప లాక్కుని దాని వెంట జరిగేది. బందరు దగ్గరి ఆ పల్లెలో ఆ చెట్టు పగలు నాలుగడుగులు అటూ ఇటూ తిరిగినా, పడవలు బయల్దేరే వేళకి బుద్ధిగా తన చోటికి వచ్చేసి, అవి తిరిగొచ్చేదాకా కదలదు. అందుకే దాని జోలికి ఎవరూ పోరు.

తండ్రి శోభనాద్రి పోతూ ఆమెకిచ్చిన ఆస్తల్లా సముద్రంలో ఒక చోటు. ఎప్పుడో మునిగిన ఓడ అక్కడ అడుగున ఉంది, దాన్ని అంటిపెట్టుకుని పండుగప్ప చేపలుంటాయి. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీళ్లు. ఆ చోటు దొరకాలంటే పడవలోంచి ఒడ్డుకేసి చూసి గీతలు కలుపుకోవాలి. లైట్‌హౌసుకి సూటిగా ముందు తాడిచెట్టు కనిపించే గీత ఒకటి, గుడి శిఖరానికి సూటిగా ముందు ఐసు ఫ్యాక్టరీ ట్యాంకు కనిపించే గీత ఒకటి. పలకలా పరుచుకున్న సముద్రం మీద ఆ రెండూ కలిసేది ఒక్కచోటే. ఆ గుట్టు మొగుడు అయ్యప్పకి మాత్రం చెప్పింది. ఎవరికీ చెప్పనని అతను ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

ఊళ్లోకి ఇంజన్ బోట్లు కొత్తగా వస్తున్న రోజులు. షావుకారు భుజంగరావు కొన్న కొత్త బోటుని నడిపే సరంగు అయ్యప్పేనని, ఓడ చోటు చూపిస్తాననే ఆ పని సంపాదించాడని చేపలమ్మే హన్నా బజార్లో చెప్పింది. కనకరత్నానికి తన చేతి కూడు తిన్న మనిషి తన తండ్రినే అమ్ముకొచ్చినట్టనిపించింది. పోట్లాడలేదు. చెట్టు మొదట్లో కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు పడవలు బయల్దేరినా చెట్టు తన చోటికి రాలేదు. ఉత్తరంగా పోయి నిలబడింది. చూసినవాళ్లు దానికి ఒంట్లో బాగాలేదేమో అనుకుని పనుల్లో పడ్డారు.

అయ్యప్ప లైట్‌హౌసునీ చెట్టునీ ఒక గీతలో పెట్టుకుని బోటు నడిపాడు. ట్యాంకు శిఖరం పక్కనే ఉంది కానీ దాని ముందుకి రాదు. చెట్టు జరిగాక గీతలు రెండూ ఎక్కడా కలవకుండా రైలు పట్టాల్లా సాగుతున్నాయి మరి. దూరం వెళ్లేకొద్దీ ట్యాంకుకీ శిఖరానికీ మధ్య ఎడం సన్నబడుతున్నట్టే ఉంది. ఇంకాస్త, ఇంకాస్త అంటూ పోయాడు. డీజిలూ అయిపోయింది, ఒడ్డూ మాయమైంది.

వేరే రేవు వాళ్లు బోటుని లాక్కొచ్చాక భుజంగరావు అతన్ని పనిలోంచి తీసేశాడు. అయ్యప్ప కమిలిన మొహంతో ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“నాకు గుర్తులు తప్పు చెప్పావా రత్నం? కట్టుకున్నవాణ్ణే మోసం చేశావా?”

ఆ మాట అతని నోట వినాల్సొచ్చినందుకు ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

“నీకు చెప్పిన రోజున అవి నిజమే మావా,” అంది.

తండ్రి తెడ్డు భుజాన వేసుకుని అతని పక్కనుంచే రేవుకి వెళ్లింది. పడవ ఎక్కి వెనక్కి చూసేసరికి చెట్టు పాతచోట్లో నిలబడి ఉంది. అయ్యప్ప సముద్రం మీదికి వెళ్లిన ఏ రోజునా అది మళ్లీ అక్కడ లేదు.